తెలుగు గళ్ల నుడికట్టులో కొరకరాని ఆధారాన్ని నలుగురూ కలిసి ఎలా విప్పాలి?

ముందు వాక్యం చెప్పే కథను పక్కన పెట్టండి. ‘పండు గదిలో దాచిన ఉగాది (3)’ అనగానే మామిడిపండ్లు గుర్తొస్తాయి, అదే ఉచ్చు. జవాబు అర్థం ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది; ఇక్కడ ‘ఉగాది’. ‘లో దాచిన’ అన్నది ఏం చేయాలో చెబుతోంది. ‘పండు గది’ అక్షరాలను వరసగా చదివితే ‘పండుగ’ దొరుకుతుంది; (3) అంటే జవాబుకు మూడు గళ్లు.

‘వెనుదిరిగిన’ ఉంటే తిప్పి చదవాలి: పలక కాస్తా కలప. ‘చెదిరిన’ ఉంటే అక్షరాలను అటూఇటూ మార్చాలి. అయితే గుణింతం, వత్తు, సున్న తమ అక్షరంతోనే కదులుతాయి. ఇంగ్లీషు అలవాటుతో విడదీస్తే గళ్ల లెక్క తప్పుతుంది.

జవాబు చెప్పినవారే ఆధారంలోని ఒక్కో మాట పనేమిటో మిగతావారికి చూపాలి. ఒక్క మాట మిగిలిపోయినా పెన్సిల్‌తోనే రాయండి, అడ్డం నిలువు కలిసే గడి తేల్చేదాకా.