పక్కన కూర్చుని చదివించడం ఎలా?

ప్రశ్న: కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఒక అమ్మాయికి తోడుగా ఉండమని పాస్టర్‌గారు నాకు చెప్పారు. నేను చదివింది పదో తరగతే, బైబిల్ ట్రైనింగ్ ఏమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు. వారానికి ఒకటి చొప్పున చదవండి. ఆరో అధ్యాయం (56 వచనాలు), పద్నాలుగో అధ్యాయం (72 వచనాలు) మాత్రం రెండేసి వారాలకు పంచుకోండి. మొత్తం పద్దెనిమిది వారాలు పడుతుంది. రోజు, వేళ మార్చకండి. గంట దాటనివ్వకండి.

మొదటి పావుగంట ఆ వారం ఎలా గడిచిందో ఆమెనే చెప్పనివ్వండి. తర్వాత అరగంట వాక్యం. చెరికొన్ని వచనాలు పైకి చదివి మూడే ప్రశ్నలు వేసుకోండి: యేసు ఇక్కడ ఏం చేశాడు, ఏం చెప్పాడు? మనకు అర్థం కానిదేమిటి? వచ్చే వారం లోపు దీన్నిబట్టి ఏం చేద్దాం? మూడోదానికి జవాబు చిన్నదిగా, చేయగలిగేదిగా ఉండాలి. 'ఇంకా ప్రార్థిస్తాను' అంటే లెక్కలోకి రాదు. 'అత్తతో మాట్లాడటం మానేశాను, రేపు పలకరిస్తాను' అంటే వస్తుంది. చివరి పావుగంట ప్రార్థన. పాత అనువాదంలోని గ్రాంథికం ఆమెకు కొరుకుడు పడకపోతే వాడుక భాషలో ఉన్నది తెచ్చుకోండి.

చాలామంది దగ్గర ఇది చెడేది ఒకే చోట: నేర్పేవాళ్లే మాట్లాడేస్తారు. గంటలో సగం కంటే ఎక్కువ మీ గొంతే వినిపిస్తోందంటే అది ప్రసంగం. తెలియని ప్రశ్న వస్తే 'కనుక్కుని చెబుతాను' అనండి, పరువేం పోదు. ఆమె ఇంటి సంగతులు ప్రార్థన మనవి పేరుతో సంఘంలో చెప్పకండి. ఒక్కసారి బయటికి పొక్కితే ఆమె మళ్లీ నోరు విప్పదు. అప్పు ఇవ్వడం, తీసుకోవడం వద్దు.

ఇంట్లోవాళ్లతో పండగలకూ ప్రసాదాలకూ గొడవ పెట్టుకునే తొందర కొత్తవాళ్లలో కనిపిస్తుంది. అయిదో వారం చదివే మార్కు 5:19 దగ్గర ఆగండి. దయ్యాలు వదిలి బాగుపడి, వెంట వస్తానన్నవాణ్ణి యేసు ఇంటికే పంపాడు, ప్రభువు తనకు చేసింది చెప్పమన్నాడు. పోట్లాడమనలేదు.

ఇక చదువు మాట. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీదే చేయి పెట్టించి, 'సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ' (అంటే నాకు చేటు) అనిపించేవారు. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. మీది పదో తరగతి!

ప్రశ్న: ఆఫీసులో స్నేహితుడితో యేసు సంగతి ఎత్తగానే వాదన అవుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు అతని మనసులో ఏముందో అడిగి వినండి. తర్వాత 'నా సంగతి చెప్పమంటావా?' అని అడగండి. సరేనంటే మూడు నిమిషాల్లో చెప్పండి: ముందు ఎలా ఉన్నారు, యేసును ఎలా తెలుసుకున్నారు, ఇప్పుడు ఏం మారింది. 'రక్షణ', 'అభిషేకం' లాంటివి చర్చిలో మాటలు, అతనికి ఎక్కవు. 'మారుమనస్సు పొందాను' అనే బదులు 'తప్పు ఒప్పుకుని దారి మార్చుకున్నాను' అనండి. అతని దేవుళ్లను చిన్నబుచ్చకండి. నమ్మితే ప్రమోషన్ వస్తుందనీ, జబ్బు తగ్గుతుందనీ ఆశ పెట్టకండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. మధ్యాహ్నం మాత్రం ఎప్పటిలాగే కలిసి క్యారియర్ విప్పండి.