సమాధానం: మేడ మీద సెడమ్ ఎందుకు కుళ్లుతోంది?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ మేడ మీద పరిచిన సెడమ్ (దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే పొట్టి మొక్క) ఆగస్టు వానలకే కుళ్లిపోయిందని, స్వీడన్‌లో ఏళ్ల తరబడి బతికే మొక్క ఇక్కడెందుకు చస్తోందని అడిగారు కదండీ. మీ పెంపకంలో లోపమేం లేదు, టెన్షన్ పడకండి. అక్కడ చలికాలంలో అది ఎదుగుదల ఆపేస్తుంది. ఆకులు ఎర్రబడి మంచు కింద అలాగే ఉంటాయి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. అక్కడి పైకప్పుల మీద సెడమ్‌కు వేసే మట్టి సాధారణంగా 10 సెంటీమీటర్లకు మించదు, అందులోనూ ఎక్కువ భాగం రాతిపొడే. అందుకే పెద్ద మొక్కలు నిలవవు, ఖాళీల్లో నాచు చేరుతుంది, గాలికొచ్చిన గడ్డి గింజలు మొలుస్తాయి. మన దగ్గర ఆ చలికాలపు విశ్రాంతి లేదు, పైగా వెచ్చటి తడి. వేళ్లకు అదే చేటు.

మళ్లీ కొనేముందు నీళ్లుపోయే గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. కంపోస్టు బాగా తగ్గించి ఇటుక ముక్కలు కలపండి. సెడమే కావాలని పట్టుబట్టకుండా టేబుల్ రోజ్ వేయండి, ఎండను హాయిగా తట్టుకుంటుంది.