మెడికల్ స్కూల్ స్టేట్‌మెంట్ రాస్తున్న అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి పెద్దమ్మగా చదివితే కళ్లు చెమర్చాయి. రెండోసారి, కొన్నేళ్లపాటు అప్లికేషన్లు చదివిన మనిషిగా చదివాను. అందులో సగం దాకా నువ్వు ఎక్కడా కనిపించలేదమ్మా.

తాతగారి గుండెపోటు, అంబులెన్స్, ఆయన్ని బతికించిన డాక్టరు, అన్నీ నిజమే. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కానీ అది తాతగారి కథ. అప్పటికి నీకు ఏడేళ్లు. ఆ వయసులో డాక్టర్ అవుతానని అనని పిల్లలు ఎందరు? ఈ వృత్తిని దగ్గర నుంచి చూశాక కూడా ఆ కోరిక నీలో ఎందుకు మిగిలిందన్నది చెప్పాలి. ఆమ్‌కాస్, అదే అమెరికా మెడికల్ స్కూళ్లకి అప్లై చేసే ఉమ్మడి అప్లికేషన్, అడిగేది ఒకటే, మెడికల్ స్కూల్‌కి ఎందుకు వెళ్లాలనుకుంటున్నావని. దానికి ఇచ్చే చోటు ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలు, అంటే సుమారు పేజీన్నర. తాతగారికి రెండు వాక్యాలు చాలు. ఆయనే ఉంటే ఆ మాటే అనేవారు.

నీ అసలు విషయం నాలుగో పేరాలో ఉంది. ఎమర్జెన్సీలో వాలంటీరుగా ఉన్నప్పుడు ఒక రాత్రి ఓ తెలుగు పెద్దావిడ వచ్చిందనీ, నువ్వు ఆవిడ మాటలు ఇంగ్లీషులో చెప్పబోతే నర్సు ఆపి, ఫోన్లో ఇంటర్‌ప్రిటర్‌ని పిలిచిందనీ రెండు ముక్కల్లో రాసి వదిలేశావు. మొన్న నాతో చెప్పింది ఇంతేనా? నర్సు మీద నీకు ఒళ్లు మండిందన్నావు. తర్వాత డాక్టరు "నిన్న ఎన్ని మాత్రలు వేసుకున్నారు?" అని అడిగిస్తే, డబ్బు కలిసొస్తుందని సగం సగం విరిచి వేసుకుంటున్నానని ఆవిడ బయటపెట్టింది. నువ్వయితే "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగి, "ఆ, వేసుకుంటున్నానమ్మా" అంటే సరేననేసేదాన్నని చెప్పావు. అప్పుడు నీ గొంతు మారిపోయింది. అదంతా రాయి. కోపం వచ్చిన సంగతి, అది సిగ్గుగా మారిన సంగతి కూడా. మంచిపిల్లలా కనబడాలని వాటిని తీసేశావు కాబట్టే ఆ పేరా చప్పగా ఉంది.

ఆ తర్వాత ఏం చేశావో కూడా రాయి. రెండు నెలలకి ఇంటర్‌ప్రిటర్ ట్రైనింగ్ తీసుకుని ఫ్రీ క్లినిక్‌లో చేరావు కదా. ఆ రాత్రికీ దీనికీ సంబంధం ఉందని నీ డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు. చదివేవాళ్లు ముఖ్యంగా వెతికేది అదే. ఏదో చూసి కదిలిపోయానని అందరూ రాస్తారు. కదిలాక ఏం చేశారో రాసేవాళ్లు తక్కువ.

ఆ పెద్దావిడ పేరు ఒక్కటి తీసేస్తే సరిపోదు సుమా. వయసు, తేదీ, కొడుకు ఉద్యోగం కూడా ఉండకూడదు. అలాంటి చిన్న ఊళ్లో తెలుగు పెద్దావిడలు ఎందరుంటారని! పేషెంట్ గుట్టు కాపాడటం డాక్టరయ్యాక నేర్చుకునే పని కాదు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఆవిడకి సాయం చేయాలంటే సోషల్ వర్కర్‌గానో నర్సుగానో కూడా చేయొచ్చు. డాక్టరే ఎందుకు? నేను రెసిడెన్సీకి, అంటే మెడిసిన్ చదివాక ఆసుపత్రిలో చేసే ట్రైనింగ్‌కి, రాసిన స్టేట్‌మెంట్ నిండా సేవ, కరుణ అనే మాటలే. ఇంటర్వ్యూలో ఒకాయన ఇదే ప్రశ్న అడిగితే నోట మాట రాలేదు. ఆ సీటు రాలేదు. నీ దగ్గర జవాబు ఉంది. సగం మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవాలనిపించిందన్నావు. ఆవిడ కొనుక్కోగలిగిన మందు ఏదో ఆలోచించి, దాని బాధ్యత తన మీద వేసుకునే మనిషివి కావాలనిపించిందన్నావు. నీ మాటల్లోనే రాయి. ఇతర వృత్తులని తక్కువ చేసే మాట ఒక్కటీ పడకూడదు.

మార్కులు, ఎమ్‌క్యాట్ (మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష) స్కోరు, రీసెర్చ్ పేరా తీసెయ్. యాక్టివిటీస్‌కి వేరే చోటుంది, 15 దాకా పెట్టొచ్చు. వాటిలో ముఖ్యమైనవని గుర్తుపెట్టే మూడింటికి అదనంగా రాసే వీలు కూడా ఉంది.

ఏఐ సంగతి అడిగావు. ఆలోచనలు వెతుక్కోవడానికి, తప్పులు దిద్దుకోవడానికి వాడుకోవచ్చు. చివరికి పంపేది నీ రాతేనని నువ్వే ధ్రువీకరించాలి. నా సలహా అడిగితే, మొదటి డ్రాఫ్ట్ దాని దగ్గరికి తీసుకెళ్లొద్దు. అది నునుపు చేసి ఇస్తుంది. ఆ నర్సు మీద వచ్చిన కోపం ముందు అందులోంచే పోతుంది.

చాలా స్కూళ్లు అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టు చూసి ఇంటర్వ్యూలకి పిలుస్తాయి కాబట్టి, ఆలస్యమవుతుందన్న నీ టెన్షన్ నాకర్థమైంది. అయినా దీనికి ఇంకో పది రోజులు పెట్టు. ఒకసారి సబ్మిట్ చేశాక స్టేట్‌మెంట్‌లో ఒక్క అక్షరం మార్చలేవు. మామూలు టెక్స్ట్‌గా పేస్ట్ చేసి, పేరాలు సరిగా వచ్చాయో లేదో అక్కడే మళ్లీ చదువుకో.

ముందుగా, లెక్కలేవీ చూసుకోకుండా, ఆ రాత్రి గురించి మాత్రం రాసి ఆదివారం లోపల నాకు పంపు. ఎంత పొడుగైనా ఫర్వాలేదు, తగ్గించే పని ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ