ఆయిల్ లెవల్ సెన్సర్ మార్చాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ కారు డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం వెలుగుతోందనీ, ఆయిల్ మట్టం కొలిచే లెవల్ సెన్సర్ పాడై ఉంటుందనీ, కొత్తది తెప్పించి నీ చేత్తో నువ్వే బిగించుకుంటాననీ రాశావు. ఆ పని నీవల్ల అవుతుంది. ఓపిక ఉండాలి, కారు కింద పడుకోవడానికి వెనకాడకూడదు, అంతే. అయితే దీపం ఏ రంగులో ఉందో నువ్వు రాయలేదు. అన్నిటికంటే ముందు నాకు తెలియాల్సింది అదే.

ఎరుపు అయితే కారు తాళం పక్కన పెట్టేయి. ఎరుపు రంగు ఆయిల్ గుర్తు చెప్పేది ఆయిల్ మట్టం సంగతి కాదు, ప్రెషర్ సంగతి. దాన్ని వెలిగించే స్విచ్ వేరు. అది ఇంజిన్ బ్లాకు మీదో, ఆయిల్ ఫిల్టర్ దగ్గరో ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ దీపం వెలిగిందంటే క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్లో తిరిగే ప్రధాన ఇరుసు) బేరింగులకు ఆయిల్ అందడం లేదేమో అని అనుమానించాలి. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య అడ్డుగా ఉండేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. అది తెగిపోతే లోహం లోహాన్ని రాసుకుని కొద్దిసేపట్లోనే ఇంజిన్ పాడవుతుంది. క్షేమమైన చోట పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. ఇల్లు దగ్గరే కదా అని నడపకూడదు. బండిని లాగించుకుని వెళ్లి, మెకానికల్ గేజ్ తగిలించి అసలు ప్రెషర్ ఎంతుందో చూపించుకో. స్విచ్‌దే తప్పని అనాలంటే ఆ గేజ్ చూశాకే అనాలి.

పసుపు అయితే అది మట్టం సంగతి. చాలా కార్లలో ఆయిల్ డబ్బా బొమ్మ కింద అలలాంటి గీత గానీ, పక్కన చిన్న మాట గానీ ఉంటుంది. నీ కారులో ఏ గుర్తుకు ఏ అర్థమో బండితో వచ్చిన పుస్తకంలో ఒకసారి చూసుకో. ఇక్కడి నుంచి పసుపు అనే అనుకుని రాస్తున్నాను.

సెన్సర్‌కు ఆర్డరు పెట్టకముందే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ) తీసి చూడు. మట్టం నిజంగా తగ్గిందని సెన్సర్ చెబుతుంటే దాన్నే మార్చేయడం, జ్వరం చూపించిందని థర్మామీటరును మార్చడం లాంటిది. కారును చదునైన నేల మీద ఉంచు. ఇంజిన్ వేడెక్కాక ఆపి, పైన ఉన్న ఆయిల్ కిందికి దిగడానికి ఐదు పది నిమిషాలు ఆగు. డిప్‌స్టిక్ బయటికి తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి దించి, తీసి చూడు. మొదటిసారి తీసినప్పుడు కనిపించేదాన్ని నమ్మకు. కొన్ని కార్లకు చల్లగా ఉన్నప్పుడే చూడమని రాసి ఉంటుంది, ఆ పుస్తకం మాటే వినాలి. కింది గీతకూ పై గీతకూ మధ్య చాలా ఇంజిన్లలో సుమారు లీటరు పడుతుంది. అందుకని కొంచెం కొంచెంగా పోస్తూ, మళ్లీ మళ్లీ చూసుకుంటూ వెళ్లాలి.

డిప్‌స్టిక్ కూడా తక్కువే చూపిస్తే నీ సెన్సర్ చక్కగా పనిచేస్తోంది. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి, పోయినది ఎటు పోయిందో వెతుకు. కింద మరకలు పడుతున్నాయా? పొగ గొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తోందా? అలా వస్తే ఆయిల్ సిలిండర్లో కాలిపోతోంది. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బో ఉంటే అదో కారణం కావచ్చు.

మట్టం పై గీత దాటి ఉండటం మంచిదేనని చాలామంది అనుకుంటారు, కాదు. మరీ ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. ఆ నురగ బేరింగులను కాపాడలేదు. నువ్వు పోయకుండానే మట్టం పెరిగిందంటే ఆయిల్లో ఇంధనం కలుస్తోందేమో వాసన చూడు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లలో, చిన్నచిన్న దూరాలే తిరిగేవారికి ఇలా జరుగుతుంది. ఆ ఫిల్టరును శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ అదనంగా చిమ్మే డీజిల్‌లో కొంత ఆయిల్లోకి జారుతుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలిసిందేమో చూడాలి. అప్పుడు సెన్సర్ సంగతి మరిచిపోయి నేరుగా మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లు.

కొన్ని కొత్త కార్లకు డిప్‌స్టిక్కే ఉండదు. మట్టం ఎంతో ఆ సెన్సరే చెప్పాలి, దాని మీదే అనుమానం వస్తే సాక్ష్యానికి ఇంకొకరు లేరు. అలాంటి కారైతే నేను నమ్మే దారి ఒకటే. ఆయిల్ మొత్తం దించి, ఫిల్టర్ మార్చి, పుస్తకంలో రాసిన కొలత ప్రకారం సరిగ్గా పోసి, అప్పుడు తెర మీద ఏం చూపిస్తోందో చూడడం. సరైన కొలత పోసినా తక్కువనే చెబుతుంటే సెన్సర్‌నో, దాని వైర్లనో అనుమానించే హక్కు నీకు వస్తుంది.

డిప్‌స్టిక్ బాగుందంటోంది, దీపం బాగోలేదంటోంది అనుకుందాం. ఇప్పుడు సెన్సర్ ఎలా కొలుస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో నీకే తోస్తుంది. ఇవి ముఖ్యంగా మూడు రకాలు. పాత పద్ధతి తేలే బుడ్డిది. ఆయిల్ మీద తేలే చిన్న ముక్కలో అయస్కాంతం ఉంటుంది, అది కిందికి దిగితే లోపలి స్విచ్ మారుతుంది. రెండోది వేడితో కొలిచేది. సన్నటి తీగను క్షణంపాటు వేడి చేసి, అది చల్లారడానికి ఎంతసేపు పట్టిందో లెక్క పెడుతుంది. ఆయిల్లో మునిగి ఉన్నంత మేర త్వరగా చల్లారుతుంది, గాలిలో ఉంటే ఆలస్యమవుతుంది. మూడోది అల్ట్రాసోనిక్. సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు నుంచి పైకి ధ్వని తరంగాన్ని పంపి, అది ఆయిల్ పైభాగాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు తెలుసుకుంటుంది.

వేడితో కొలిచే సెన్సర్ల చుట్టూ చిన్న చిల్లులున్న గొట్టంలాంటి తొడుగు ఉంటుంది. మలుపుల్లో ఆయిల్ అటూ ఇటూ ఊగినా లోపలి మట్టం నిలకడగా ఉండడానికి ఆ ఏర్పాటు. ఆయిల్ మార్చకుండా ఎక్కువ కాలం నడిపితే పేరుకునే నల్లటి మడ్డి ఆ చిల్లులను మూసేస్తుంది. అప్పుడు సంప్ నిండుగానే ఉన్నా సెన్సర్‌కు ఆయిల్ అందదు. తేలే ముక్క కూడా అదే మడ్డిలో అతుక్కుపోతుంది. నీ కారు పాతది కొన్నావు కనుక, వెనకటి యజమాని ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో కాగితాలు ఉంటే చూడు.

కారు కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ దొరికితే తగిలించు. లెవల్ సెన్సర్‌కు సంబంధించిన కోడ్లు పి250ఎ నుంచి మొదలవుతాయి. పి250ఎ అంటే సర్క్యూట్‌లో లోపం. పి250బి అంటే సెన్సర్ ఇస్తున్న విలువ నమ్మదగినట్టు లేదు. పి250సి, పి250డి అంటే సిగ్నల్ మరీ తక్కువగా లేదా మరీ ఎక్కువగా ఉంది. పి250ఇ అంటే సంబంధం వస్తూ పోతూ ఉంది. పి250ఎఫ్ అయితే ఆయిలే తక్కువగా ఉందని. పి0520 నుంచి పి0524 వరకు ఏవైనా కనిపిస్తే అవి ప్రెషర్‌కు చెందినవి. లెవల్ సెన్సర్ మార్చితే అవి పోవు. కోడ్ వచ్చింది కదా అని వెంటనే ఆ భాగాన్ని కొనేవారిని నా పనిలో చాలామందిని చూశాను. కోడ్ చెప్పేది ఏ దారిలో చిక్కు ఉందో మాత్రమే. ఆ దారిలో వైరు ఉంటుంది, కనెక్టర్ ఉంటుంది, ఫ్యూజు ఉంటుంది, చివర్లో సెన్సర్ ఉంటుంది.

నా అనుభవంలో ఎక్కువగా మోసం చేసేది కనెక్టర్. అది కారు అడుగున, నీళ్లకూ బురదకూ రాళ్లకూ ఎదురుగా ఉంటుంది. లాక్ నొక్కి మెల్లగా ఊడదీయి. లోపల పచ్చటి తుప్పు ఉందా, పిన్ను వంగిందా, ఆయిల్ నిండిందా చూడు. తుప్పయితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టి మళ్లీ తగిలించి చూడవచ్చు. కనెక్టర్ లోపల ఆయిల్ ఉంటే మాత్రం సెన్సర్ ఒళ్లు చీలి, పిన్నుల వెంట కారుతోందని అర్థం. ఇక దాన్ని మార్చవలసిందే.

మూడు పిన్నులుంటే సాధారణంగా ఒకటి సరఫరా, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఇంజిన్ వేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, వైరింగ్ వైపున సరఫరాకూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టు. చాలా కార్లలో బ్యాటరీ వోల్టేజ్, అంటే సుమారు 12 వోల్టులు రావాలి, కొన్నిటిలో 5 వోల్టులే ఉంటుంది. ఏమీ రాకపోతే ఫ్యూజు చూడు, తర్వాత ఎర్త్ చూడు. లావు ప్రోబ్‌ను కనెక్టర్ రంధ్రంలోకి బలవంతంగా దూర్చకు. లోపలి క్లిప్పు విచ్చుకుంటే లేని జబ్బు కొత్తగా వస్తుంది. మీటర్ అలా పెట్టి ఉంచి, వైరును చేత్తో కదిపి చూడు. విలువ ఎగిరిపడితే తెగినచోటు దొరికినట్టే. సిగ్నల్ పిన్ను మీద చాలా కార్లలో పల్సులు వస్తాయి, వాటిని మామూలు మీటర్ సరిగ్గా చూపించలేదు. అక్కడ స్కానర్లో అప్పటికప్పుడు కనిపించే విలువ చూడడమే మేలు. తేలే రకమైతే సులువు. బయటికి తీశాక ముక్కను పైకీ కిందికీ జరుపుతూ మీటర్లో స్విచ్ మారుతోందో లేదో చూస్తే సరి.

ఇవన్నీ చూసి, సరఫరా బాగుంది, ఎర్త్ బాగుంది, సిగ్నల్ వైరు తెగలేదు, దీపం మాత్రం పోలేదంటే అప్పుడు సెన్సర్ కొను. కారు ఛాసిస్ నంబరు చెప్పి, పార్ట్ నంబరు సరిపోల్చుకునే కొను. చూడటానికి ఒకేలా ఉన్నా పొడవు వేరైతే కొలత తప్పుతుంది. దానితో ఆయిల్ కారకుండా అతుకు మధ్య పెట్టే కొత్త గ్యాస్కెట్ లేదా ఓ-రింగు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు, ఆయిల్ ఫిల్టరు, కొత్త ఆయిల్ తెచ్చుకో. సంప్ అడుగున ఉండే సెన్సరైతే ఆయిల్ దించక తప్పదు, కాబట్టి ఆయిల్ మార్చాల్సిన రోజునే ఈ పని పెట్టుకోవడం తెలివైన పని.

ఇప్పుడు చెప్పేది మాత్రం తు.చ. తప్పకుండా చేయాలి తల్లీ. జాక్ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి వెళ్లకు. చదునైన గట్టి నేల, చక్రాలకు అడ్డు దిమ్మలు, పుస్తకంలో చూపించిన చోట్ల స్టాండ్లు ఉండాలి. కారును చేత్తో గట్టిగా ఊపి, కదలలేదని తేలాకే కిందికి వెళ్లు. ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే చాలు. మరిగే ఆయిల్ చేతి మీద పడితే చర్మం ఊడుతుంది. తొడుగులు వేసుకో, పాత ఆయిల్ చర్మానికి మంచిది కాదు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయి.

ఆయిల్ దించి, చుక్కలు ఆగాక డ్రెయిన్ బోల్టును కొత్త వాషరుతో బిగించు. సెన్సర్ ఊడినప్పుడు లోపల మిగిలిన ఆయిల్ మళ్లీ కారుతుంది, పళ్లెం అక్కడే ఉంచు. కనెక్టర్ తీసి, చిన్న బోల్టులను కొద్దికొద్దిగా, ఒకదాని తర్వాత ఒకటిగా వదులు చేయి. అల్యూమినియం సంప్ మరలు మెత్తనివి. బోల్టు పట్టేసినట్టు ఉంటే లాగొద్దు, తుప్పు వదిలే నూనె కొట్టి ఆగు. సెన్సర్‌ను వంచకుండా నిటారుగా కిందికి దించు. అది కూర్చునే చోటును గుడ్డతో, ప్లాస్టిక్ గీకుడు పలకతో శుభ్రం చేయి. ఇనుప గీకుడు పెడితే గీత పడి అక్కడి నుంచే కారుతుంది. పాత గ్యాస్కెట్ ముక్క మిగిలిందేమో వేలితో తడిమి చూడు. కొత్త ఓ-రింగుకు కొత్త ఆయిల్ కాస్త రాయి. పుస్తకం చెప్పకపోతే సిలికాన్ పేస్టు పూయకు. ఎక్కువైన పేస్టు లోపలికి రాలి ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మార్చి మార్చి బిగించు. ఇలాంటి చిన్న బోల్టులకు టార్క్ (తిప్పి బిగించే బలం) చాలా తక్కువ, తరచూ 10 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. నీ కారుకు ఎంతో చూసి, టార్క్ రెంచితోనే బిగించు. గట్టిగా బిగిస్తే కారదనుకునేవారే మరలు తెంపుతారు, అప్పుడు సంప్ మొత్తం మార్చే ఖర్చు మీద పడుతుంది.

ఫిల్టర్ బిగించి, చెప్పిన కొలతకు కొంచెం తక్కువగా ఆయిల్ పోసి, బ్యాటరీ కలిపి ఇంజిన్ వేయి. ఎర్ర దీపం కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయి. ఆరితే కొద్దిసేపు నడవనిచ్చి, టార్చి వేసి సెన్సర్ చుట్టూ, డ్రెయిన్ బోల్టు చుట్టూ, ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో చూడు. ఆపి, ఆగి, డిప్‌స్టిక్ చూసి మిగతా ఆయిల్ పోసుకో. తర్వాత కోడ్ తుడిచేయి.

కొత్త సెన్సర్ పెట్టినా దీపం వెంటనే పోకపోతే కంగారు పడకు. కొన్ని కార్లు కాసేపు నడిచాకే మట్టాన్ని లెక్కగడతాయి. ఇంకొన్నిటిలో బానెట్ తెరిచినట్టు స్విచ్ చెబితేనే ఆయిల్ పోశారని కంప్యూటర్ నమ్ముతుంది. ఆ బానెట్ స్విచ్ చెడితే మంచి సెన్సర్ మీదే నింద పడుతుంది.

ఒకవేళ ఇప్పుడే మార్చడం కుదరక కొన్నాళ్లు ఆగవలసి వస్తే, ఆ దీపానికి మాత్రం కళ్లు అలవాటు పడనివ్వకు. దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందిలే అనుకున్నవాళ్ల ఇంజిన్లే ఆయిల్ నిజంగా అయిపోయిన రోజున పోవడం చూశాను. నాకు భయం పాడైన సెన్సర్ గురించి కాదు, ఆ అలవాటు గురించి. వారానికోసారీ, దూరం వెళ్లే ముందూ డిప్‌స్టిక్ చూసి, కిలోమీటర్లూ మట్టమూ ఒక పుస్తకంలో రాసుకో. సెన్సర్ మార్చాక కూడా కొన్నాళ్లు అలాగే రాయి, కొత్తది చెప్పేదీ డిప్‌స్టిక్ చెప్పేదీ కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది.

పాత ఆయిల్‌ను మురుగులోనో మట్టిలోనో పోయకు. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే వారికి అప్పగించు. మొదటి రోజు నడిపి వచ్చాక కారు కింద అట్టముక్క పరిచి ఉంచి, పొద్దున్నే దాని మీద మరక పడిందేమో చూసి నాకు రాయి.

ఇట్లు,
మామయ్య