మేనల్లుడికి, సూర్యుడి కబుర్ల గురించి

ఒరే బాబూ,

"మామయ్యా, సూర్యుడి మీద ఎక్స్ క్లాస్ ఫ్లేర్ వచ్చింది, రేపు జీపీఎస్‌లు పోతాయా?" అని విజయనగరం నుంచి పెట్టిన మెసేజ్ చూశాను. కంగారు పడకు. నేనూ ఇలాంటి ఫ్లేర్‌నే చూసి, కళింగపట్నంలో తెలిసిన మత్స్యకారులకి "ఎల్లుండి వేటకెళ్లకండి, జీపీఎస్ తప్పుతుంది" అని పెద్దమనిషిలా చెప్పాను. ఏమీ జరగలేదు. ఆ రోజు చేపలు బాగా పడ్డాయని విన్నాను, ఇప్పటికీ ఆ ఊళ్లో నన్ను చూస్తే నవ్వుతారు.

తప్పెక్కడంటే, రెండు వేర్వేరు సంగతులని ఒకటే అనుకున్నాను. ఫ్లేర్ అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా ఎగసే వెలుగు, ఎక్స్-కిరణాలు. ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి వచ్చేస్తాయి, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది, కాసేపటికి కోలుకుంటుంది. మనకి రాత్రయితే అదీ ఉండదు. ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అనే తరగతులు ఆ ఎక్స్-కిరణాల కొలతే, ఒక్కో మెట్టుకీ పది రెట్లు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేది మాత్రం సీఎంఈ, అంటే సూర్యుడు విసిరే ప్లాస్మా మేఘం. అది మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు నడిచి వస్తుంది, 1859లో వచ్చినదైతే 18 గంటలు కూడా తీసుకోలేదు. ఫ్లేర్ ఉన్నంతమాత్రాన మేఘం ఉండాలని లేదు, ఉన్నా సూర్యుడి అంచు దగ్గర పుడితే చాలాసార్లు పక్కనుంచి పోతుంది. అందుకే ఫ్లేర్ పుట్టిన నల్ల మచ్చ సూర్యుడి ముఖం మధ్యలో ఉందా, కుడి అంచుకి జారిపోయిందా అని ముందు చూడు.

మేఘం మన వైపే వచ్చినా పని అయిపోలేదు. అసలు తాళంచెవి బీజెడ్, అంటే ఆ మేఘంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా అని చెప్పే అంకె. మేఘంతో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే భూమి తలుపు తెరుచుకుంటుంది, ఉత్తరానికి ఉంటే ఎంత పెద్ద మేఘమైనా పెద్దగా ఏమీ చేయలేదు. ఇది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, మన ఆదిత్య-ఎల్1 ఉన్న చోట, ఉపగ్రహాలకి తగిలినప్పుడే కచ్చితంగా తెలుస్తుంది. అప్పటికి మనకి మిగిలేది గంట, ఒక్కోసారి అరగంట. 2024 మే 10న ఒకే మచ్చల గుంపు వరసగా విసిరిన మేఘాలు ఒకదాని వెనక ఒకటి తగిలి, కేపీ, అంటే భూమి అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే అంకె, 9కి వెళ్లింది, లద్దాఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలకి ఆకాశం ఎర్రగా చిక్కింది.

కేపీని చూసి మన ఊరికి జోస్యం చెప్పకు. అది ప్రపంచం మొత్తానికి, ఎక్కువగా మనకంటే పైనున్న అక్షాంశాల కేంద్రాల నుంచి తీసే సగటు. అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మనకి జీపీఎస్ పేచీ ఎక్కువగా ఇలాంటి సౌర తుఫాను లేకుండానే వస్తుంది, పొద్దుగుంకాక అయనావరణంలో, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశ పొరలో, బుడగలు లేచినప్పుడు. అవి ఎక్కువ లేచేది కూడా, అరసవల్లిలో స్వామి పాదాల మీద ఎండ పడే రోజుల చుట్టుపక్కలే, మార్చిలో, సెప్టెంబరు-అక్టోబరుల్లో.

కేపీ మూడు గంటల ముక్కల్లో వస్తుంది, మనకి లెక్క పొద్దున్న ఐదున్నరకి మొదలు. ఆ టైముకే నోట్‌బుక్ తెరిచి మచ్చ ఎక్కడుందో, బీజెడ్ ఎటుందో, నీ అంచనా ఏమిటో రాయి, మర్నాడు దాని పక్కనే జరిగింది రాయి. కొట్టివేతలొద్దు, తప్పులు అలాగే ఉంచు. సూర్యుడు 27 రోజులకి ఒక చుట్టు తిరుగుతాడు కాబట్టి రెండు చుట్లు అయ్యేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు, ముఖ్యంగా పడవల వాళ్లకి.

రథసప్తమికి వస్తావుగా, నోట్‌బుక్ తీసుకురా, చూస్తాను.

మామయ్య