విచ్చుకునే ములికి గురించి రాసేవాడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

డాలస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. విల్లు వేటలో వాడే మెకానికల్ బ్రాడ్‌హెడ్, అంటే తగిలాక బ్లేడులు విచ్చుకునే బాణం ములికి డిజైన్ గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన నచ్చింది. వాక్యం నీ మాట వింటోంది, ఆ విషయంలో బెంగ లేదు. కానీ పేజీకోసారి ‘నమ్మకంగా విచ్చుకోవాలి’ అన్నావు తప్ప, ఎంత బలానికి విచ్చుకోవాలో ఒక్కచోటా చెప్పలేదు. లేత్ ముందు నిలబడ్డవాడు ఆ మాటతో ఏం చేసుకుంటాడు?

ఈ ములికిలో చిక్కంతా ఒక్కచోటే ఉంది. నారి వదిలినప్పుడు మూసుకునే ఉండాలి, జింక చర్మం తగలగానే తెరుచుకోవాలి. బ్లేడు వెనక్కి జారి తెరుచుకునే రకంలో ఈ రెండుసార్లూ దాన్ని తోసే బలం ఒకే వైపుకి, అంటే వెనక్కే పనిచేస్తుంది. నారి బాణాన్ని ముందుకు తోస్తే బ్లేడు వెనకబడుతుంది. చర్మం తగిలితే అదే బ్లేడుని వెనక్కి నెడుతుంది. కాబట్టి నీ వ్యాసానికి ఆయువుపట్టు రెండు అంకెలు: ఏ బలం దాకా పట్టి ఉంచాలి, ఏ బలానికి వదలాలి.

మొదటి అంకెను పాఠకుడి కళ్లముందే లెక్కకట్టు. 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బాణం సెకనుకు 270 అడుగుల వేగంతో, అంటే 82 మీటర్లతో వెళ్తుందనుకో. నారి దాన్ని తోసే దూరం 20 అంగుళాలు. సగటు త్వరణం గురుత్వానికి దాదాపు 680 రెట్లు వస్తుంది. 100 గ్రెయిన్ల ములికిలో ఒక్కో బ్లేడు 20 గ్రెయిన్లుంటే, అంటే 1.3 గ్రాములుంటే, దాని మీద పడే బలం సుమారు 9 న్యూటన్లు. కిలో బరువుకి కాస్త తక్కువ. ఇది సగటే, శిఖరం ఇంకా పైన ఉంటుంది. అందుకే బ్లేడుకి 18 న్యూటన్ల పట్టుతో మొదలుపెట్టి, పరీక్షించుకుంటూ సరిదిద్దమని రాయి. కొలవడానికి చిన్న స్ప్రింగ్ కాటా చాలు. కాలర్ (బ్లేడుల్ని మూసి ఉంచే చిన్న వలయం) ఒక్కటే రెండు బ్లేడుల్నీ పట్టుకుంటే రెండింటినీ కలిపి లాగాలి.

రెండో అంకె దగ్గర చాలామంది తడబడతారు. పట్టు విడిపించడానికి బోలెడు శక్తి పోతుందని నువ్వూ రాశావు. పోదు. ఆ బాణంలో ఉన్నది 88 జౌళ్లు. పట్టు 40 న్యూటన్లు ఉన్నా, బ్లేడు 5 మిల్లీమీటర్లు జారేలోపు అది తినేది 0.2 జౌలే. శక్తిని మింగేది పట్టు కాదు, వెడల్పు కోత. 2 అంగుళాల వెడల్పున కోసే ములికికి 45 పౌండ్ల బలంతో లాగే విల్లు సరిపోతుందని రాయకు. అలాంటి విల్లుకి స్థిర బ్లేడు ములికే మేలని నా అభిప్రాయం. మరి పట్టు మరీ గట్టిగా ఉంటే నష్టమేమిటంటే, ఏటవాలుగా తగిలినప్పుడు ఒక బ్లేడు ముందు ఆనుతుంది. అది వెంటనే జారకపోతే మీటలా పనిచేసి బాణాన్ని పక్కకి తిప్పేస్తుంది. బ్లేడు కొసలు ముందువైపు ఉండి, గొడుగు తిరగబడ్డట్టు వెనక్కి మడతపడి తెరుచుకునే రకంలో ఈ బెడద ఎక్కువ. వెనక్కి జారే రకంలో తక్కువే, అసలు లేదని మాత్రం అనకు.

పట్టు దేనితో చేశారన్నది తప్పకుండా రాయి. రబ్బరు ఓ-రింగ్ చవక, కానీ సాగదీసి ఉంచిన రబ్బరు కాలంతో పాటు బిగి కోల్పోతుంది, ఎండకీ ఓజోన్‌కీ పగుళ్లిస్తుంది, చలిలో బిరుసెక్కుతుంది. ప్లాస్టిక్ కాలర్ సాధారణంగా ఒక్కసారికే పనికొస్తుంది. గడ్డకట్టే చలిలో దాని వేళ్లు పెళుసుబారతాయి. సెట్ స్క్రూ ఒరిపిడితో పట్టే పద్ధతిలో స్క్రూ పావు చుట్టు తిరిగినా అంకె మారిపోతుంది, కాబట్టి ప్రతి ములికినీ కాటాతో చూడాల్సిందే. అంబులపొదిలోని ఫోమ్ మెత్త బ్లేడుని పట్టి లాగి, బయటికి తీసేటప్పుడే సగం తెరిచేస్తుంది. ఇది డిజైన్ తప్పు కాదు, కానీ నింద డిజైన్ మీదే పడుతుంది. ఒక వాక్యం కేటాయించు.

ఫెరూల్ (బ్లేడులు కూర్చునే గాడి ఉన్న ములికి మధ్యభాగం) 7075 రకం అల్యూమినియమా, స్టీలా అన్నది రెండు ముక్కల్లో తేల్చెయ్. బ్లేడు విరిగేది ఎక్కువగా పిన్ను రంధ్రం దగ్గర. రంధ్రానికీ అంచుకీ మధ్య లోహం తగ్గినా, గాడి లోపలి మూలలు గుండ్రంగా లేకున్నా పగులు అక్కడే మొదలవుతుంది. గాడికీ బ్లేడుకీ మధ్య సందు 0.1 మిల్లీమీటరు దగ్గర మొదలెట్టమను. సందు తగ్గితే ఇసుక రేణువో ఎండిన నెత్తురో బ్లేడుని బిగించేస్తుంది, పెరిగితే బ్లేడు వదులుగా ఊగుతుంది.

పరీక్షల భాగం నీ వ్యాసంలో అన్నిటికంటే పేలవంగా ఉంది. గాలిలోనే తెరుచుకుంటోందా అన్నది తెలియాలంటే 5, 20, 35 గజాల దగ్గర పలుచని కాగితం కట్టి కొట్టాలి. చిరుగు పొడవు మూసిన ములికి వెడల్పుకి మించితే దారిలోనే తెరుచుకున్నట్టు. తెరుచుకోవడం చూడాలంటే ఫోమ్ మీద పచ్చి చర్మం బిగించి నేరుగా, 30 డిగ్రీల్లో, 45 డిగ్రీల్లో కొట్టాలి. నీళ్లలో ముంచి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచినవాటినీ కొట్టాలి. గాడిలో మంచు చేరితే ఎంత మంచి కాలరైనా దండగే. ‘పదిసార్లు కొట్టాం, పదిసార్లూ తెరుచుకుంది’ అని రాశావు చూడు, దాన్ని కొట్టెయ్. ఒక్కటీ విఫలం కాకపోతే 3ని ప్రయోగాల సంఖ్యతో భాగించు: 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ వైఫల్యం అది. పదింటికి 30 శాతం, ముప్పైకి 10 శాతం. 1 శాతం లోపు అనాలంటే 300 కావాలి, అదీ ప్రతిసారీ కొత్త కాలర్‌తో.

చట్టం సంగతి మొదటి పేజీలోనే పెట్టు. అమెరికాలో చాలా రాష్ట్రాలు కనీస కోత వెడల్పు 7/8 అంగుళం అంటాయి. కొన్నిచోట్ల ముల్లులా వెనక్కి పట్టుకునే ములికి నిషిద్ధం, కాబట్టి బయటికి లాగితే బ్లేడు ముందుకి మడతపడాలి. విచ్చుకునే రకాన్ని అనుమతించడంలో కూడా రాష్ట్రానికో తీరు. ఇక గుంటూరులోనో వరంగల్‌లోనో చదివేవాళ్లకి, మన దేశంలో వన్యప్రాణుల వేట 1972 చట్టం కింద నేరమని నేరుగా చెప్పు. ఎక్కడో మూలన దాచకు.

మాటల దగ్గర ఒక్క కోరిక. ‘మెరుపులా’, ‘మృత్యుపాశంలా’ వంటివన్నీ తీసేసి ఆ జాగాలో మూడు బొమ్మలు పెట్టు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. కొలతలు అంగుళాల్లోనూ మిల్లీమీటర్లలోనూ ఇవ్వు, ఎందుకంటే వేటగాడిది ఒక లెక్క, మెషినిస్టుది ఇంకో లెక్క. బొమ్మల్లో పిన్ను, గాడి, కాలర్ పేర్లు ఎలా రాస్తావో వ్యాసంలోనూ అలాగే రాయాలి. ఒకచోట ‘పట్టీ’, ఇంకోచోట ‘రింగు’ అంటే చదివేవాడు రెండు వేర్వేరు భాగాలనుకుంటాడు.

బొమ్మలు గీశాక, కాటా అంకెల పట్టికతో సహా పంపు. భాష దిద్దడం ఆ తరవాత చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి