ప్రెస్ మీట్‌కు ముందు ఒక మాట, పాపా

పాపా,

మార్చి 24న టీబీ దినం రోజు తిరుపతిలో ప్రెస్ మీట్ పెడుతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. విలేకరులను పేషెంట్ల ఇళ్లకు తీసుకెళ్తావంట కదా. ఆ ఒక్క పని మానుకో.

విలేకరులకు ఇచ్చే నోట్ ఒక పేజీ దాటనివ్వకు, అంకెలు రెండుసార్లు సరిచూసుకో. అవన్నీ నీకు తెలిసినవే.

నేను టీబీ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు చిత్తూరు పక్కన ఒక పల్లెకు రెండు వారాలు మందులు రాలేదు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి ఆ మందులకే లొంగకుండా పోతుందని భయపడి, నేనే ఒక విలేకరిని బండి ఎక్కించుకుని ఒకామె ఇంటికి తీసుకెళ్లాను. ఆమె వద్దనలేదు. సార్ అడిగితే ఎలా వద్దంటుంది? మొహానికి కొంగు కప్పించి ఫోటో తీశారు, పేరు వేయలేదు, కానీ వాకిట్లో వేపచెట్టు, కట్టేసిన ఆవు అన్నీ పడ్డాయి. మరుసటి రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆమె దగ్గర పాలు పోయించుకోలేదు. హెడ్డింగేమో 'క్షయ కోరల్లో పల్లె', మందులు రాలేదన్న మాట ఎక్కడో చివర్లో ఉంది. అధికారులు హెడ్డింగుకే జవాబిచ్చారు, ఒకరోజు కఫం పరీక్షల శిబిరం పెట్టి వెళ్లిపోయారు. ఇంకో వారానికి మందులొచ్చాయి, ఆమె రాలేదు. ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. "పాలమ్ముకుని బతికేవాళ్లం సార్" అని లోపల్నుంచే అంది. మందులు గడప మీద పెట్టి వచ్చేశాను.

పేపర్లతో పని జరగదని అనుకోకు. 1992లో మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, పేపర్లు ఆ వార్తను వదలకుండా నెలల తరబడి రాశాయి, మరుసటి ఏడాదే సారా నిషేధం వచ్చింది. వాళ్లు అడిగింది ఒక్కటే, అదే హెడ్డింగ్ అయింది. నువ్వూ ఒక్కటే అడుగు. టీబీ పేషెంట్ల తిండి ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి నెలకు 1000 చేశారు కదా, నువ్వు కలిసినవాళ్లలో ఎంతమంది ఖాతాలో పడింది, పడనివి ఎందుకు పడలేదు, ఆ లెక్క మొదటి వాక్యంలోనే పెట్టు. ఫోటో కావాలంటే పేరు, నంబరు కనబడకుండా పాస్‌బుక్ చూపించు. కోర్సు అయిపోయి నయమైనవాళ్లు ఎవరైనా తామే మాట్లాడతామంటే, ముందు వాళ్లింట్లో కూడా అడుగు.

ఎండలో తిరుగుతున్నావు, మజ్జిగ తాగుతుండు తల్లీ. నోట్ 22కల్లా నాకు పంపు, చదివి పెడతాను. 24న నేనూ వస్తాను, వెనక వరుసలో కూర్చుంటాను.

మీ పెదనాయన